40 వేల లోపు వీఆర్ హెడ్‌సెట్: ఇంటి సంగతులు బయటికి పోకుండా ఏది తీసుకోవచ్చు?

కొత్తపేట_కోడర్:

అందరికీ నమస్కారం. మొదటిసారి వీఆర్ హెడ్‌సెట్ కొనబోతున్నాను. బడ్జెట్ అన్నీ కలిపి 40 వేలు, మహా అయితే ఇంకో నాలుగు వేలు.

పీసీ: రైజెన్ 5 5600, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, విండోస్ 11 24హెచ్2. వాడకం: కూర్చుని ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్కువ, ఇంట్లోవాళ్లకు వ్యాయామం ఆటలు, అప్పుడప్పుడు సినిమా. పదకొండేళ్ల అబ్బాయి కూడా అడుగుతాడు.

నా సందేహం ధర గురించి కాదు. హెడ్‌సెట్ చుట్టూ నాలుగైదు కెమెరాలు ఉంటాయి, మైకు ఉంటుంది, హాలంతా కొలుస్తుంది. నాకు ఫేస్‌బుక్ ఖాతా లేదు, తెరిచే ఉద్దేశం కూడా లేదు. ఇంట్లో వైఫై కెమెరాలు, ఫొటోలన్నీ దాచిన ఎన్ఏఎస్ (నెట్‌వర్క్‌కి తగిలించిన స్టోరేజ్ పెట్టె) ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి.

లిస్టులో ఉన్నవి: క్వెస్ట్ 3ఎస్, సెకండ్ హ్యాండ్ క్వెస్ట్ 2 (రెండూ ఫేస్‌బుక్ యజమాని మెటావి), పికో 4, చాలా తక్కువకు వస్తున్న సెకండ్ హ్యాండ్ హెచ్‌పీ రివర్బ్ జీ2. మా బావగారు సంక్రాంతికి డాలస్ నుంచి వస్తున్నారు, ఆయనతో తెప్పించుకోగలను. ఏది తీసుకోమంటారు?

—

తెర_వెనుక:

ముందు రివర్బ్ జీ2 కొట్టేయండి. దాని తెర మంచిదే, ఫ్లైట్ సిమ్ వాళ్లు ఒకప్పుడు ఏరికోరి కొన్నదే. కానీ అది విండోస్‌లోని వీఆర్ సాఫ్ట్‌వేర్ విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ మీద నడుస్తుంది. మైక్రోసాఫ్ట్ ఆ భాగాన్ని విండోస్ 11 24హెచ్2 నుంచి తీసేసింది, మీ పీసీలో ఉన్నది సరిగ్గా అదే. 23హెచ్2కి వెనక్కి వెళ్దామంటే హోమ్, ప్రో ఎడిషన్లకు దాని సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 నవంబర్‌తో ఆగిపోయాయి. ప్రైవసీ కోసం జాగ్రత్త పడుతూ ప్యాచ్‌లు రాని విండోస్ నడపడం అర్థం లేని పని. ఎన్‌విడియా కార్డులకు ఒయాసిస్ అనే అనధికార డ్రైవర్ స్టీమ్ అనే పీసీ ఆటల స్టోర్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇప్పటికే రివర్బ్ ఉన్నవాళ్లకు అది వరం. దాన్ని నమ్ముకుని కొత్తగా కొనడం మాత్రం వద్దు. అదే కుటుంబానికి చెందిన శాంసంగ్ ఒడిస్సీ, లెనోవో ఎక్స్‌ప్లోరర్ కూడా ఇందుకే అంత చవకగా కనిపిస్తాయి.

క్వెస్ట్ 1 ఎవరైనా అంటగట్టబోతే తీసుకోకండి, 2024 ఆగస్టు తర్వాత దానికి సెక్యూరిటీ ప్యాచ్‌లు లేవు. ఫోన్ పెట్టుకునే అట్టపెట్టె రకాలు, జియోడైవ్ లాంటివి మీ వాడకానికి పనికిరావు. అవి తల తిప్పడాన్ని మాత్రమే పట్టుకుంటాయి, ముందుకు వంగితే దృశ్యం కదలదు. కాక్‌పిట్‌లో మీటర్ దగ్గరికి వంగి చూడలేకపోతే ఫ్లైట్ సిమ్ ఎందుకు?

పికో 4 తయారుచేసేది టిక్‌టాక్ తెచ్చిన బైట్‌డాన్స్. ఒక ప్రకటనల కంపెనీ వద్దనుకుని ఇంకో ప్రకటనల కంపెనీ దగ్గరికి వెళ్లినట్టే అవుతుంది. పైగా అమెరికాలో అధికారికంగా అమ్మరు కాబట్టి డాలస్ దారి కుదరదు. ఇంకో చిక్కు, దాని లెన్సుల దూరం 62 నుంచి 72 మి.మీ. వరకే జరుగుతుంది. పిల్లాడికి, కనుపాపల మధ్య దూరం తక్కువగా ఉన్న ఆడవాళ్లకు బొమ్మ మసకగా కనిపించి తలనొప్పి వస్తుంది.

ఇక మీ భయం గురించి. కెమెరా మిమ్మల్ని వీడియో తీసి ఎవరికో పంపుతుందన్నది చాలామందికి మొదట వచ్చే అనుమానం. ట్రాకింగ్ కోసం తీసే బొమ్మలు హెడ్‌సెట్ లోపలే లెక్కగట్టి వదిలేస్తామని మెటా చెబుతోంది. అంతకంటే గట్టిగా పట్టించుకోవాల్సింది కదలికల డేటా. 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 511 మందిని తీసుకుని, ఐదు నిమిషాలలోపు తల, చేతుల కదలికలతో మనిషిని 95 శాతం సరిగ్గా గుర్తుపట్టవచ్చని చూపించారు. 2023లో బర్క్‌లీ బృందం చేతులు ఊపుతూ ఆడే వీఆర్ ఆట బీట్ సేబర్ ఆడే 55,541 మంది రికార్డింగులు తీసుకుని, 100 సెకన్ల కదలికలతో 94.33 శాతం, పది సెకన్లతోనే 73.2 శాతం కచ్చితత్వం సాధించింది. పేరు మార్చుకున్నా, కొత్త ఖాతా తెరిచినా మీ చేయి ఊగే తీరు మారదు.

ఇది ఏ బ్రాండ్ కొన్నా తప్పదు. ఆన్‌లైన్‌లో నలుగురితో ఆడే ఆటలో మీ తల, చేతులు ఎక్కడున్నాయో సర్వర్‌కి చెప్పకుండా మీ బొమ్మను అవతలివాళ్లకు చూపించడం కుదరదు. ఒంటరిగా ఆడే ఆటల్లో ఆ అవసరం లేదు. అందుకే ఏ కంపెనీ అన్నదానికంటే ఏ ఆటలు, ఏ ఖాతాతో అన్నది ఎక్కువ తేడా తెస్తుంది.

—

డాలస్_దారి:

నా ఓటు క్వెస్ట్ 3ఎస్ 128 జీబీకి. విడుదల ధర 299.99 డాలర్లు. డాలస్‌లో 8.25 శాతం అమ్మకపు పన్నుతో 324.74 అవుతుంది. డాలరు 88 రూపాయలనుకుంటే 28,600 దగ్గర తేలుతుంది. ఆటల్లో ఎక్కువ భాగం పీసీలోనే నడుస్తాయి కాబట్టి 256 జీబీకి వంద డాలర్లు ఎక్కువ పెట్టక్కర్లేదు. క్వెస్ట్ 2తో పోలిస్తే లెన్సులు, ఒక్కో కంటికి 1832x1920 రెజల్యూషన్ దాదాపు అవే. కానీ ప్రాసెసర్ ఒక తరం కొత్తది, బయటి దృశ్యం రంగుల్లో కనిపిస్తుంది. క్వెస్ట్ 2 అమ్మకాలు 2024తో అయిపోయాయి. కొంచెం డబ్బు మిగులుతుందని అటు వెళ్తే తక్కువ కాలం వాడుకుంటారు.

ఫేస్‌బుక్ ఖాతా అక్కర్లేదు. 2022 ఆగస్టు నుంచి మెటా ఖాతా అని విడిగా ఉంది. అయితే ఏదో ఒక ఖాతా లేకుండా హెడ్‌సెట్ తెరుచుకోదు, దీనికి తప్పించుకునే మార్గం లేదు. మొదటి రోజే ఇలా చేయండి:

1. ఇంకెక్కడా వాడని కొత్త ఈమెయిల్ చిరునామాతో మెటా ఖాతా తెరవండి. ఇన్‌స్టాగ్రామ్‌తో లాగిన్ అవ్వమని అడుగుతుంది, వద్దనండి. తర్వాత కూడా అకౌంట్స్ సెంటర్‌లో దేనితోనూ కలపకండి. పుట్టిన తేదీ మాత్రం నిజమే ఇవ్వండి. వయసు తేడా వచ్చి ఖాతా ఆగితే కొన్న ఆటలూ దానితోపాటు ఆగుతాయి.

2. ఫోన్‌లో మెటా హొరైజన్ యాప్ తప్పనిసరి. కాంటాక్ట్స్ అనుమతి ఇవ్వకండి. పాత ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ వెతకడానికి లొకేషన్ కావాలి, జత కుదిరాక తీసేయండి. ఆండ్రాయిడ్ 12 నుంచి దగ్గరి పరికరాల అనుమతి విడిగా ఉంది. సెటప్ అయ్యాక యాప్‌ని ఫోన్‌లోంచి తీసేసినా హెడ్‌సెట్ నడుస్తుంది.

3. ప్రొఫైల్ ప్రైవసీ మూడు స్థాయిల్లో అడుగుతుంది. ‘సోలో’ ఎంచుకోండి.

4. సెట్టింగ్స్‌లో ప్రైవసీ విభాగంలో ‘అదనపు డేటా పంచుకోవడం’ ఆపండి. గది ఆకారానికి సంబంధించిన ‘పాయింట్ క్లౌడ్’ పంచుకోవడం కూడా ఆపండి. దానివల్ల పోయేది ఒక్కటే: ఒకే గదిలో ఇద్దరు రెండు హెడ్‌సెట్లతో కలిసి ఆడే ఆటలు సరిగ్గా కుదరవు.

5. యాప్ అనుమతులు ఒక్కొక్కటీ చూడండి. ‘స్పేషియల్ డేటా’ ఇస్తే మీ గోడలు, సోఫా, బల్ల ఎక్కడున్నాయో ఆ యాప్‌కి తెలుస్తుంది. మామూలు వీఆర్ ఆటకు అది అక్కర్లేదు. 2025 ఏప్రిల్ చివరి నుంచి స్టోర్‌లోని యాప్‌లు ముందు కెమెరాల దృశ్యాన్నే అడగగలుగుతున్నాయి, దానికి ‘హెడ్‌సెట్ కెమెరాలు’ అని వేరే అనుమతి ఉంది. ఇది వచ్చాక పాత భరోసా అలాగే చెల్లదు. సిస్టమ్ ట్రాకింగ్ బొమ్మలు హెడ్‌సెట్‌లోనే ఉంటాయన్న మాట వేరు, మీరు అనుమతిచ్చిన యాప్ ఏం చేస్తుందన్నది వేరు. కారణం స్పష్టంగా కనిపించకపోతే కాదనండి.

6. క్లౌడ్ బ్యాకప్, స్క్రీన్‌షాట్లు తమంతట తామే పైకి వెళ్లే ఆప్షన్ ఆపండి. బ్యాకప్ లేకపోతే రీసెట్ చేసినప్పుడు ఆటల్లో మీ పురోగతి పోవచ్చు, అది తెలిసి చేయండి. గది కనిపించే మోడ్‌లో తీసిన వీడియోలో ఇల్లంతా పడుతుంది. కెమెరా గురించి భయపడేవాళ్లే ఆ వీడియోలు గ్రూపుల్లో పెట్టేస్తుంటారు.

మెనూల పేర్లు అప్‌డేట్లతో మారుతుంటాయి. పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ 4, 5 మళ్లీ ఒకసారి చూడండి.

—

వైర్లే_నయం:

డాలస్_దారి గారు చెప్పినవన్నీ సరైనవే. కానీ ఆ ఆరు మెట్లూ ఎందుకు అవసరమయ్యాయో చూడండి. హెడ్‌సెట్టే ఒక కంప్యూటర్, దానిలో కంపెనీ ఖాతా, కంపెనీ స్టోర్. పీసీ ఉన్నవాళ్లకు అది తప్పనిసరి కాదు.

సోనీ హెడ్‌సెట్ ప్లేస్టేషన్ వీఆర్2 ధర 2025 మార్చిలో 549.99 నుంచి 399.99 డాలర్లకు తగ్గింది. పీసీ అడాప్టర్ 59.99. పన్నుతో 497.93 డాలర్లు, అదే 88 లెక్కన 43,800. మీ గరిష్ఠ పరిమితికి అంచున ఉంది, డిస్కౌంట్ దొరికితే లోపలికి వస్తుంది. దీనికి సొంత ఆపరేటింగ్ సిస్టమ్, వైఫై లేవు. పీసీలో స్టీమ్ నుంచి ప్లేస్టేషన్ వీఆర్2 యాప్, వీఆర్ ఆటలు నడిపే స్టీమ్‌వీఆర్ వేసుకుంటే సరిపోతుంది. పీసీకి కలిపినప్పుడు కంటిచూపు ట్రాకింగ్ పనిచేయదు. గేమర్లకు అది లోటు, మీలాంటివారికి లాభం. ఓఎల్ఈడీ తెర కాబట్టి రాత్రిపూట రన్‌వే దీపాలు నల్లటి చీకట్లో నిజంగా దీపాల్లా కనిపిస్తాయి, 3ఎస్ ఎల్‌సీడీలో చీకటి బూడిద రంగులో ఉంటుంది. హెచ్‌డీఆర్ మాత్రం పీసీలో రాదు.

ఇబ్బందులు ఇవి:

డిస్‌ప్లేపోర్ట్ 1.4 ఉండాలి, కేబుల్ విడిగా కొనాలి. 3060 కార్డులో పోర్టు ఉంటుంది. హెచ్‌డీఎంఐని డిస్‌ప్లేపోర్ట్‌గా మార్చే డాంగిల్స్ పనిచేయవు. ఎక్కువమంది అడాప్టర్ పాడైందనుకుని తిప్పి పంపేది ఇక్కడే.

కంట్రోలర్లు బ్లూటూత్‌తో నేరుగా పీసీకి కలుస్తాయి. సోనీ కనీసం 4.0 అంటుంది. మదర్‌బోర్డులో బ్లూటూత్ ఉంటే వెనక యాంటెనాలు బిగించారో లేదో చూసుకోండి, చాలామంది అవి పెట్టెలోనే వదిలేస్తారు. డాంగిల్ అయితే టీపీ-లింక్ యూబీ500 లాంటిది తీసుకుని, మీటరు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ వైరుతో టేబుల్ మీదికి తెచ్చి పెట్టండి. పీసీ వెనక యూఎస్‌బీ 3 పోర్టుల పక్కన పెడితే వాటి రేడియో శబ్దం బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ మీద పడి చేతులు ఆటలో వణుకుతాయి, ఎగిరిపోతాయి.

4.5 మీటర్ల వైరు ఉంటుంది. కూర్చుని విమానం నడపడానికి అడ్డు కాదు. వ్యాయామం ఆటల్లో కాలికి తగులుతుంది.

ఇంకా తక్కువలో, ఇంకా గట్టి ప్రైవసీ కావాలంటే సెకండ్ హ్యాండ్ హెచ్‌టీసీ వైవ్. గది మూలల్లో పెట్టే బేస్ స్టేషన్లు లేజర్ గీతలు విసురుతాయి, హెడ్‌సెట్ మీద సెన్సర్లు వాటిని పట్టుకుంటాయి. ట్రాకింగ్‌కి కెమెరాయే లేదు. ముందు ఉన్న ఒక కెమెరాని స్టీమ్‌వీఆర్‌లో ఆపేయవచ్చు. కానీ ఒక్కో కంటికి 1080x1200 అంటే విమానం మీటర్లలో అంకెలు చదవలేరు, అందుకే మీకు గట్టిగా చెప్పను. కొనేవాళ్లకు ఒక హెచ్చరిక: 2016 నాటి వైవ్‌కి 1.0 బేస్ స్టేషన్లే పనిచేస్తాయి, 2.0 పనిచేయవు. వైవ్ ప్రోకి రెండూ పనిచేస్తాయి. బేస్ స్టేషన్ లోపల మోటార్ తిరుగుతూ ఉంటుంది, గరగరమంటే దాని ఆయుష్షు దగ్గరపడిందని. బీరువా అద్దం లేజర్‌ని వెనక్కి కొడుతుంది, ఆడేటప్పుడు దుప్పటి కప్పాలి.

స్టీమ్ నడిపే వాల్వ్ 2025 నవంబర్‌లో ప్రకటించిన స్టీమ్ ఫ్రేమ్ హెడ్‌సెట్ లైనక్స్ ఆధారిత స్టీమ్‌ఓఎస్‌తో వస్తోంది. ప్రైవసీ పరంగా నాకు ఎంతో ఆశ ఉంది. మీ బడ్జెట్‌లో ఉంటుందని మాత్రం అనుకోవద్దు.

—

కొత్తపేట_కోడర్:

చాలా ధన్యవాదాలు. రివర్బ్, పికో తీసేశాను. ఇంట్లోవాళ్లకు వైరు లేకపోవడం ముఖ్యం కాబట్టి 3ఎస్ వైపు మొగ్గుతున్నాను. రెండు ప్రశ్నలు. ఒకటి, పీసీ ఆటలు దానిలో ఆడాలంటే మెటా సాఫ్ట్‌వేర్ పీసీలో కూడా వేయాలా? గెస్ట్ వైఫైలో పెడితే ఎన్ఏఎస్‌కి దూరంగా ఉంటుంది కదా? రెండు, అబ్బాయికి నా ఖాతాతోనే ఇవ్వవచ్చా?

—

తెర_వెనుక:

పీసీలో మెటా సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. హెడ్‌సెట్‌లో స్టీమ్ లింక్ యాప్ ఉచితం, పీసీలో స్టీమ్, స్టీమ్‌వీఆర్ ఉంటే చాలు. ఓపెన్ సోర్స్ కావాలంటే ఏఎల్‌వీఆర్ ఉంది, కొంచెం ఓపికగా సెట్ చేసుకోవాలి. మెటా సొంత లింక్, ఎయిర్ లింక్ వాడితేనే పీసీలో వాళ్ల యాప్ వేయాలి. ఈ దారిలో స్టీమ్ లింక్ ఎంతసేపు నడిచిందన్నది హెడ్‌సెట్‌కి తెలుస్తుంది. లోపల మీరు ఆడేది పీసీలో నడుస్తుంది.

గెస్ట్ వైఫై ఆలోచన మంచిదే, కానీ అలాగే పెడితే స్టీమ్ లింక్‌కి పీసీ కనబడదు. గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్నవి ఇంట్లోని మిగతా పరికరాలతో మాట్లాడకుండా రూటర్ అడ్డుకుంటుంది, మీకు కావలసింది కూడా సరిగ్గా అదే. కాబట్టి తిప్పి చేయండి. హెడ్‌సెట్, పీసీ మెయిన్ నెట్‌వర్క్‌లో ఉంచి వైఫై కెమెరాలను గెస్ట్‌కి మార్చండి. ఎన్ఏఎస్‌లో గెస్ట్ యూజర్‌ని, పాస్‌వర్డ్ లేని షేర్లను తీసేయండి, యాక్సెస్‌ని మీ పీసీ, ఫోన్ ఐపీలకే పరిమితం చేయండి. రూటర్‌లో వీల్యాన్ (ఒకే నెట్‌వర్క్‌ని విడి భాగాలు చేసే సౌకర్యం) ఉంటే హెడ్‌సెట్‌ని విడిగా పెట్టి పీసీ ఒక్కదానికే దారి తెరవడం ఇంకా మేలు.

మెటా డొమైన్లన్నీ డీఎన్ఎస్‌లో (సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే చోట) ఆపేయమని కొందరు చెబుతారు. ఆపితే స్టోరు, అప్‌డేట్లు, కొన్న ఆటకు హక్కు సరిచూసుకోవడం అన్నీ ఆగుతాయి. సెక్యూరిటీ ప్యాచ్‌లు రాని హెడ్‌సెట్ మిగులుతుంది. వద్దు.

బొమ్మ నాణ్యత గురించి: పీసీని రూటర్‌కి వైరుతో కలపండి, హెడ్‌సెట్‌ని 5 గిగాహెర్ట్జ్‌లో, రూటర్ ఉన్న గదిలోనే వాడండి. చవక రూటర్ల ల్యాన్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే. స్ట్రీమ్‌ని 150కి పెడితే అక్కడే ఇరుక్కుని బొమ్మ ఆగి ఆగి వస్తుంది. విండోస్‌లో ఈథర్నెట్ లింక్ స్పీడ్ 1000 అని చూపించాలి. వీడియోని కుదించే పద్ధతుల్లో ఏవీ1 మీ 3060కి చేతకాదు, హెచ్‌ఈవీసీ ఎంచుకోండి.

మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్ల కింద ట్రాకింగ్ తడబడితే సెట్టింగ్స్‌లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీ 50కి మార్చండి. పండగ సీరియల్ లైట్లు వెలుగుతుంటే వాటిని ఆర్పండి, కంట్రోలర్ల ఎల్ఈడీలనుకుని హెడ్‌సెట్ పొరబడుతుంది.

—

డాలస్_దారి:

అబ్బాయి విషయం: మీ ఖాతాతో ఇవ్వకండి. మెటా 2023లో కనీస వయసు 13 నుంచి 10కి తగ్గించి, 10 నుంచి 12 ఏళ్లవారికి తల్లిదండ్రులు నడిపే ఖాతాలు పెట్టింది. అందులో ప్రతి యాప్‌కీ మీ అనుమతి ఉండాలి. మీ ఖాతాతో ఆడితే వాడిని పెద్దవాడిగా లెక్కేసి వాయిస్ చాట్ తెరిచే ఉంటుంది, పిల్లాడి కదలికలు మీ పేరుమీద పోగవుతాయి. సోనీ అయితే 12 ఏళ్లలోపు వాళ్లకు వద్దనే అంటుంది, ఆ లెక్కన ఇంకో ఏడాది ఆగాలి.

మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్లలోపు అందరూ పిల్లలే. తల్లిదండ్రుల అనుమతి సరిచూసుకోవాలి, పిల్లల ప్రవర్తనను వెంబడించి ప్రకటనలు చూపించకూడదు. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, కంపెనీల ముఖ్య బాధ్యతలు అమలుకావడానికి 18 నెలల గడువిచ్చారు. అప్పటిదాకా చట్టం చూసుకుంటుందని వదిలేయకండి.

పరికరం తెప్పించే ముందు ఇవి చూసుకోండి. ఇంట్లో ముగ్గురి కనుపాపల దూరం కొలవండి. 3ఎస్ లెన్సులు 58, 63, 68 మి.మీ. అని మూడు గాట్లలోనే ఆగుతాయి. 55 లోపు ఉన్న పిల్లాడికి మొదటి గాటు కూడా ఎక్కువే, పది పదిహేను నిమిషాలకు మించి ఆడనివ్వకండి. 3.5 మి.మీ. జాక్ లేదు, కాబట్టి ఇయర్‌ఫోన్ యూఎస్‌బీ-సీది కావాలి. బ్యాటరీ సగటున రెండున్నర గంటలు. కంట్రోలర్‌కి ఒక్కో డబుల్ ఏ సెల్లు, రీచార్జబుల్ నాలుగు కొని పెట్టుకోండి.

వారంటీ కోసం అమెరికాకే పంపాల్సి వస్తుంది. అందుకని బావగారిని సీలు అలాగే ఉంచి తేవద్దనండి. అక్కడే పెట్టె తెరిచి ఛార్జ్ చేసి, తెల్లటి తెర మీద రెండు కళ్లలోనూ చుక్కలున్నాయేమో, కంట్రోలర్ల బటన్లన్నీ పలుకుతున్నాయో చూడాలి. రిటర్న్ గడువులోపే చేయాలి. దానికి ఆయన ఖాతా వాడితే బయల్దేరేముందు ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఆయన ఫోన్ యాప్‌లోంచి కూడా ఆ హెడ్‌సెట్‌ని తీసేయాలి. విమానంలో లిథియం బ్యాటరీ కాబట్టి చేతి సంచిలోనే, బిల్లుతో సహా.

లెన్సుల మూత కూడా తెమ్మనండి. కిటికీలోంచి ఎండ లెన్సు మీద పడితే భూతద్దంలా ఒకచోట చేరి తెరను కాలుస్తుంది. సెకన్లలో పసుపు మచ్చ పడుతుంది, అది వారంటీలో రాదు.

—

కొత్తపేట_కోడర్:

కొలిచాను: నాకు 64, మా ఆవిడకు 60, అబ్బాయికి 56. ముగ్గురికీ సరిపోయేలా ఉంది. నా కళ్లద్దాల వెడల్పు 145 మి.మీ., పడతాయా?

—

వైర్లే_నయం:

కష్టం. క్వెస్ట్ 2కి ఇచ్చిన పరిమితే వెడల్పు 142, ఎత్తు 50 మి.మీ. అంచులు నొక్కుకుంటాయి, ఇంకా ముఖ్యంగా మీ అద్దం హెడ్‌సెట్ లెన్సుకి రాసుకుని గీత పడితే బాగుచేయలేరు. హెడ్‌సెట్‌కి నేరుగా బిగించే పవర్ లెన్సులు దొరుకుతాయి, అయస్కాంతంతో తీసి పెట్టుకునే రకం అయితే ఇంట్లో మిగతావాళ్లూ వాడుకోగలరు. లేదంటే 135 దగ్గర ఉండే చిన్న ఫ్రేమ్ ఒకటి చవకగా చేయించండి. పవర్ లెన్సులు ఆర్డర్ చేసేటప్పుడు దూరపు చూపు నంబరే ఇవ్వండి. తెర కంటికి అంగుళం దూరంలో ఉన్నా లెన్సులు దాన్ని మీటరు పైనే ఉన్నట్టు చూపిస్తాయి, చదివే అద్దాల నంబరు ఇస్తే అంతా మసకే.